చిత్తు కాగితాల్లో ఆయన

మా తమ్ముడు పాత ఇల్లు ఖాళీ చేస్తూ ఫోన్ చేశాడు. "అక్కా, తాతయ్య బొమ్మ ఏం చెయ్యమంటావు? కొత్త ఫ్లాటులో ఎటు చూసినా కిటికీలే, మేకు కొట్టడానికి గోడ లేదు" అన్నాడు. అంత మాటన్నాక ఊరుకుంటానా, వెళ్ళి ఆటోలో వేసుకుని వచ్చాను. ఆటోలో పక్కన నిలబెట్టుకుంటే నా భుజం దాకా వచ్చాడు తాతయ్య. కోటు, తలపాగా, బిగించిన నోరు. బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్లో ఇరుక్కుపోయాం. ఆటో అబ్బాయి అద్దంలోంచి చాలాసేపు చూసి, "పెద్దాయన ఎవరండీ, ఎమ్మెల్యే గారా?" అన్నాడు. "కాదు నాయనా, మా తాతయ్య. ప్రకాశం గారు" అన్నాను. "బ్యారేజీ ఆయనా!" అంటూ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టేశాడు. కాదని నేను చెప్పేలోపే పక్క ఆటోలోవాళ్ళు కూడా తొంగిచూసి దణ్ణం పెట్టారు. నాకు నవ్వాగలేదు. సిగ్నల్ పడి, ఆటో కదిలి, మా వీధి మలుపు తిరిగేదాకా నవ్వుతూనే ఉన్నాను. మా మామ్మ బతికుంటే తను కూడా ఆ ఆటో అబ్బాయి పక్షమే మాట్లాడేది.

ఆ బొమ్మ వేసింది నేనే, డిగ్రీ చదివే రోజుల్లో. అప్పుడు మా ఇల్లు బందరు కాలవకి దగ్గర. ఇప్పుడు అంతా మేడలే గానీ, ఆ రోజుల్లో మా వీధి దాటితే పొలాలు కనపడేవి. నాన్న ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా. పై ఆఫీసరు కొట్టేసి, దిద్ది, బాణం గుర్తులు పెట్టి ఇచ్చిన చిత్తు కాగితాన్ని ముత్యాల్లాంటి అక్షరాలతో సాపు చెయ్యడం ఆయన ఉద్యోగం. ఆ అలవాటు ఆఫీసులో వదిలి వచ్చేవాడు కాదు. అమ్మ చెప్పే పచారీ సామాన్ల చీటీ కూడా ముందు చిత్తు రాసుకుని, తర్వాత సాపు రాసుకుని, సాపుని జేబులో పెట్టుకుని, చిత్తుని నాలుగు ముక్కలుగా చింపి అప్పుడు బయల్దేరేవాడు. మా ఇంట్లో చిత్తు అనేది ఇంచుమించు తిట్టు. సరిగ్గా దువ్వుకోని జుట్టు చిత్తు, ఉప్పు తక్కువైన పులుసు చిత్తు, అల్లరి చేసే మా తమ్ముడు మనిషే చిత్తు. మా బడిలో డ్రాయింగు మాస్టారు కూడా ఈ మతస్థుడే. చిత్తు బొమ్మ ఎవరికైనా చూపించడమంటే లుంగీతో పెళ్ళికి పోవడమే అనేవారు. ఆయన దగ్గర నేర్చుకున్న నాలుగు గీతలతో, రంగుబిళ్ళల డబ్బాతో నేను ఇంటి చిత్రకారిణిని అయ్యాను. సాపు మాత్రమే చూపించాలి, చిత్తు పొయ్యిలో వెయ్యాలి. ఇందులో నాకు కించిత్తు సందేహం ఉండేది కాదు.

మామ్మ అంటే నాన్నగారి అమ్మ. సన్నగా, పొట్టిగా ఉండేది, కొబ్బరినూనె వాసన వేసేది. చదువు రాదు, కానీ గుడిలో, అంటే మా చర్చిలో, పాడే పాటలన్నీ నోటికి వచ్చు. అయితే ఒక చిక్కుంది. మామ్మ పుట్టి బుద్ధెరిగాక మొగుడి పేరు నోటితో అనలేదు. పాటలో 'ప్రకాశించు' అనే మాట వచ్చిందా, చటుక్కున నోరు మూసుకుని రాగం మాత్రం ముక్కుతో తీసేది. ఆ ముక్కుతో తీసిన రాగం కోసమే మేం పిల్లలం గుడిలో ఆవిడ పక్కన కూర్చోవడానికి కొట్టుకునేవాళ్ళం. తాతయ్య పోయాక కూడా ఇదే వరస. ఊళ్ళో బ్యారేజీ ఉందా, దాని పేరు ఆవిడ ఎలా చెబుతుంది? రిక్షా ఎక్కి "ఆనకట్టకి పోనీ" అనేది. "ఏ ఆనకట్టండీ?" అంటే, "ఎన్నున్నాయి నాయనా ఊళ్ళో? మా ఇంటాయన పేరుది" అనేది. రిక్షావాడు బుర్ర గోక్కుని "మీ ఇంటాయన పేరేందండీ?" అంటే, మామ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నా వైపు చూసేది. "ప్రకాశం" అని నేను అరిచేదాన్ని. మామ్మ సిగ్గుతో ముడుచుకుపోయేది, ఆ వయసులో.

ఆవిడకి ఆయన 'ఆయన', అంతే. తాతయ్య చల్లపల్లి దగ్గర కాలవ లాకుల మీద పని చేసేవాడు. పడవలు వస్తే గేట్లు ఎత్తించడం, దించించడం. నేను పుట్టకముందే పోయాడు. ఉన్న ఫోటో ఒకే ఒక్కటి, లాకుల దగ్గర పనిచేసే వాళ్ళంతా వరసగా నిలబడి తీయించుకున్నది. అందులో అందరూ రాళ్ళల్లే నిలబడితే, తాతయ్య పక్కవాడి వైపు తిరిగి "కదలకురా" అన్నాడట. సరిగ్గా అప్పుడే ఫోటో తీశారు. పక్కవాడు స్పష్టంగా పడ్డాడు. తాతయ్య మొహం ఉండాల్సిన చోట ఒక తెల్లటి మసక, దాని పక్కన ఒక చెవి. చెవి మాత్రం బ్రహ్మాండంగా పడింది. మామ్మ ఆ ఫోటోని చీర మడతల్లో దాచుకుని, అప్పుడప్పుడూ తీసి ఆ చెవిని చూసుకునేది.

ఇంతలో మామ్మకి శుక్లాలు ముదిరాయి. ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఆ రోజుల్లో కంటి ఆపరేషనంటే ఇల్లంతా కూర్చుని ప్రార్థనలు చేసేంత భయం. అది బెడిసికొట్టి చూపు పోయినవాళ్ళ కథలు ప్రతి ఇంట్లోనూ ఉండేవి. ఒక మధ్యాహ్నం, అమ్మ పంచలకి గంజి పెడుతుంటే, మామ్మ నా పక్కన చాప మీద చతికిలబడి, "సుగుణా, నాకు భయంగా ఉందే" అంది. ఆపరేషనుకేమో అనుకున్నాను. "ఆపరేషనుకి కాదే. ఈ మధ్య కళ్ళు మూసుకుంటే ఆయన మొహం సరిగ్గా రావట్లా. ఫోటోలోలాగా తెల్లగా వస్తంది. నువ్వు బొమ్మలేస్తావుగా, నేను చెబుతా, ఆయన్ని వెయ్యవే. కళ్ళుపోతే పోయినై, ఒక్కసారి చూసుకుంటా" అంది. నేను చూడని మనిషి బొమ్మ నేనెలా వేస్తాను? కానీ మామ్మ అలా అడిగితే కాదనే గుండె నాకు లేదు. పైగా లోపల్లోపల ఎగిరి గంతేశాను. అప్పటిదాకా నన్ను బొమ్మ అడిగినవాళ్ళు లేరు మరి.

ఆ ఎండాకాలం మధ్యాహ్నాల్లో నవ్వుకున్నంతగా నా జీవితంలో నేనెప్పుడూ నవ్వుకోలేదు. వసారాలో వట్టివేళ్ళ తడక మీద నీళ్ళు చల్లేవాళ్ళం, ఆ చల్లటి వాసనలో మామ్మ తాటిముంజలు ఒలుస్తూ చెప్పేది, నేను గీసేదాన్ని. "చెవి ఇంకా బయటికి రావాలే. కాలవ గాలికి అట్టా విచ్చుకుందని ఆయనే అనేవారు." నేను చెవి సాగదీసేదాన్ని. "ఇంకా." ఇంకా సాగదీసేదాన్ని. కాగితాన్ని ముక్కుకి ఆనించుకుని చూసి, "ఇదిగో, ఈ చెవి ఆయనే! మిగతాది ఎవడో" అనేది. నవ్వితే పైపన్ను ఒకటి లేని సందు కనపడుతుందనేది, ఆ సందు దాచుకోవడానికి తువ్వాలు అడ్డం పెట్టుకునేవాడనేది. తువ్వాలు పెట్టుకుని ఎలా నవ్వేవాడో తనే చేసి చూపించేది. ముంజల నీళ్ళు చేతుల మీదుగా కారుతుంటే ఆ చేతుల్తోనే కాగితం లాక్కునేది. గేటు తాళంచెవి కనపడనప్పుడు ఆయనకి కోపమొస్తే ఎడమ కనుబొమ ఒక్కటే ఎలా లేచేదో చూపించబోయి, తన రెండూ లేచిపోతే వేలితో ఒకదాన్ని కిందకి నొక్కి పట్టుకునేది. నేను గీస్తూ నవ్వి, నవ్వుతూ గీసి, గీతలన్నీ వంకర్లు పోయేవి. ఒక కాగితంలో చెవి కుదిరేది, ఇంకో కాగితంలో కనుబొమ. చిత్తు చిత్తుగా ఉన్న ఆ కాగితాలన్నీ సాయంత్రానికి ఉండచుట్టి వంటింట్లో కుంపటి దగ్గర పడేసేదాన్ని. సాపు ముందు ముందు చేస్తాను కదా అని నా ధీమా.

తాతయ్య బొమ్మ తయారవుతోందని బంధువుల్లో పాకిపోయింది. గన్నవరం నుంచి అత్తయ్య దిగింది. చల్లపల్లి నుంచి చిన్న తాతయ్య, అంటే తాతయ్య తమ్ముడు, సంచీ నిండా మామిడికాయలతో దిగాడు. ఇంక చూడండి. అత్తయ్య నా కాగితం చూస్తూనే, "నాన్నకి ఇంతింత చెవులేందే! నలుగురూ చూసేది, కాస్త తగ్గించు" అంది. పన్నుసందు సంగతి ఎత్తగానే, "నోరు మూయించెయ్. పళ్ళు లేని నవ్వు గోడ మీద ఏం బావుంటుంది?" అంది. బట్టతలకి తలపాగా పెట్టించింది. చిన్న తాతయ్య ఆలోచించి, "మా అన్నకి కోటుండేదమ్మా" అన్నాడు. మేమంతా ఆశ్చర్యపోయాం. "ఎప్పుడు, బాబాయ్?" అన్నాడు నాన్న. "కొనుక్కుందామనుకున్నాడు" అన్నాడు చిన్న తాతయ్య ఏ మాత్రం తొణక్కుండా. "అనుకున్నాడు గదా, మరి వేసెయ్యండి." నాన్న తలాడించాడు. "చిత్తు చూసి ఎవడూ సంతకం పెట్టడమ్మా. అందరూ చెప్పింది దిద్దేసి సాపు చెయ్యి" అన్నాడు. దిద్దేశాను. రంగులన్నీ పొందిగ్గా, ఒక్క గీత బయటికి పోకుండా, పెద్ద షీటు మీద సాపు చేశాను. నా చేతిలోంచి అంత శుభ్రమైన బొమ్మ వచ్చిందంటే నాకే నమ్మకం కలగలేదు. నాన్న కింద తన అక్షరాలతో 'కీర్తిశేషులు ప్రకాశం గారు' అని రాశాడు. ఫ్రేము కట్టించుకొచ్చారు. మామ్మ అప్పటికే ఆసుపత్రిలో ఉంది. కట్టు విప్పాక, కొత్త కళ్ళద్దాలతో మొదటగా ఆయన్నే చూస్తుందని అందరం తీర్మానించుకున్నాం.

ఆపరేషన్ బాగా జరిగింది. మామ్మ సోడాబుడ్డి కళ్ళద్దాలు పెట్టుకుని, వాటి వెనక కళ్ళు గుడ్లగూబంత పెద్దవై, రిక్షా దిగింది. దారిలో చెట్లకి విడివిడిగా ఆకులున్నాయని కనపడినవాడికల్లా చెప్పుకుంటూ వచ్చిందట. ముందుగదిలో బొమ్మకి దుప్పటి కప్పి ఉంచాం. అమ్మ పాయసం చేసింది. అత్తయ్య కన్నీళ్ళకి సిద్ధంగా రుమాలు పట్టుకుంది. ఆవిడ ఇన్నాళ్ళూ అడిగింది ఆ ఒక్క చూపు, అది ఇవ్వాల్సింది నా చేతులు. నాన్న దుప్పటి లాగాడు. మామ్మ బొమ్మ ముందు నిలబడి పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసింది. చెంగు భుజం చుట్టూ కప్పుకుంది. పరాయి మొగవాళ్ళు ఇంటికొస్తే అలాగే కప్పుకునేది. ఆ తర్వాత ఎంతో మర్యాదగా, "ప్రకాశం గారు బాగున్నారు" అంది.

అమ్మ చేతిలో గరిటె జారి పాయసంలో పడింది. మామ్మ నోటివెంట ఆ పేరు మాలో ఎవరూ ఎప్పుడూ వినలేదు. అత్తయ్య ముందుగా తేరుకుని, "మత్తు ఇంకా దిగలేదు" అంది. నాన్న, "కింద రాసింది చదివింది, అంతే" అన్నాడు. "మా అమ్మకి చదువెప్పుడొచ్చింది, అన్నయ్యా?" అంది అత్తయ్య. దాంతో ఆ దారీ మూసుకుపోయింది. మత్తే అని అందరం గట్టిగా నమ్మాం. మర్నాడు పొద్దున్నే మామ్మ కాఫీ తాగుతూ, "ఒరే, ప్రకాశం గారి మీద ఈగలు వాల్తన్నాయి, ఎవరన్నా తోలండ్రా" అని కేకేసింది. ఆదివారం గుడికి బయల్దేరుతూ, "తలుపు వెయ్యక్కర్లేదులే, ప్రకాశం గారున్నారుగా" అంది. మా తమ్ముడు నేల మీద పడి దొర్లి నవ్వాడు. నాన్న నవ్వలేక, ఏడవలేక చొక్కా గుండీలు తప్పు పెట్టుకున్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నాకు అర్థమైంది. ఆయన పేరు అయితే ఆవిడ పలకదు. పలికిందంటే గోడ మీదున్నది ఆయన కాదు. నేనంత కష్టపడి, ఒక్క మరక లేకుండా, ఎవరో ప్రకాశం గారి బొమ్మ వేశాను.

ఆ మధ్యాహ్నం వసారాలో ఒక్కదాన్నే కూర్చుని ఏడుస్తుంటే మామ్మ వచ్చి నా జడ పట్టి లాగింది. "లెగవే. తలుపేసి రా" అంది. తన మంచం మీది బొంత ఎత్తింది. దాని కింద, మడతలు సాపుగా అణిగిపోయి, నేను ఉండచుట్టి పడేసిన కాగితాలు! కొన్నిటికి బొగ్గు మసి, కొన్నిటికి ముంజల మరకలు. అమ్మ కుంపట్లో పెట్టేలోపు తను ఏరుకుని దాచుకుందట. కళ్ళజోడు సవరించుకుని ఒక్కొక్కటీ తీసింది. "ఇదిగో, ఈయన చెవులాయన. చెవి చూడు, అచ్చం! ఈయన నవ్వులాయన. కళ్ళు మీ చిన్న తాతవి గానీ నోరు ఆయనదే, పన్ను సందుతో సహా. ఈయన కోపమాయన. తాళంచెవి కనపడలేదన్నమాట." పేరు పలకదు కదా, అందుకని అన్నీ ఆయనలే. నేను ముక్కు చీదుకుంటూ, "ఒక్కదాంట్లో కూడా మొత్తం తాతయ్య లేడు కదా, మామ్మా" అన్నాను. మామ్మ ఫక్కున నవ్వింది. "మొత్తం ఆయన్ని నేనెప్పుడు చూశానే? పొద్దున లాకులకి పోతుంటే వీపు చూసేదాన్ని. అన్నం పెడతా నడినెత్తి చూసేదాన్ని. అత్తగారు ఎదురుగా ఉంటే తలెత్తేదాన్నా? చెవో, నవ్వో, ఏది దొరికితే అదే నాకు ఆయన. అది నువ్వు సరిగ్గా పట్టావులే" అంది.

నాకు ఉత్సాహం తన్నుకొచ్చింది. ఆ చెవి, ఈ నోరు, ఆ కనుబొమ అన్నీ ఏరి ఒకచోట చేర్చి మళ్ళీ కొత్త సాపు మొదలుపెట్టాను. వారం తిరిగేసరికి పూర్తయింది. మామ్మ కళ్ళజోడులోంచి చూసి, "ఎవరే ఈయన? మన పాస్టరు గారి బావమరిది లాగున్నాడు" అంది. ఇద్దరం ఒకరి మీద ఒకరు పడి నవ్వాం. ఆ సాపుని నేనే నా చేతుల్తో కుంపట్లో పెట్టాను. అప్పటిదాకా చిత్తుకి జరిగిన మర్యాద అది. ఆ రోజు నుంచి నా చిత్తు కాగితం ఒక్కటి కూడా పారెయ్యలేదు. నా పెళ్ళయ్యేదాకా రోజూ, ఆ తర్వాత నేను పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా, మామ్మ మధ్యాహ్నం భోజనమవగానే "ఇయ్యాల నవ్వులాయన్ని తియ్యి" అని అడిగేది. ఒక్కోసారి పోట్లాడాలనిపిస్తే కోపమాయన్ని తియ్యమనేది. నేను తీసి ఇస్తే, ఆ కాగితాన్ని ముంతకి ఆనించి నిలబెట్టుకుని, వక్క నములుతూ దానితో ఏవేవో చెప్పుకునేది.

మామ్మ పోయినప్పుడు పెట్టె మూసే ముందు నాన్న అందర్నీ ఆగమన్నాడు. బొంత కింద ఆ కాగితాలున్న సంగతి ఆయనకి తెలుసని అప్పటిదాకా నాకు తెలియదు. అన్నీ తీసుకొచ్చి, చిరిగిన అంచులు వేళ్ళతో సరిచేసి, మామ్మ చేతుల కింద పెట్టాడు. "సాపు ఇంట్లో ఉంటుంది. చిత్తు అమ్మది" అన్నాడు. జీవితమంతా చిత్తు చింపిన మనిషి ఆయన. నేను ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చాను. ఒక్క చెవులాయన్ని అయినా అడిగి ఉంచుకుంటే బావుండేదని ఇప్పటికీ అనుకుంటాను. అడగలేకపోయాను, అవి ఆవిడవి.

ఇప్పుడు ప్రకాశం గారు మా హాల్లో ఉన్నారు. ఎవరొచ్చినా సోఫాలో కాస్త సర్దుకుని కూర్చుంటున్నారు. ఈ కాలంలో మొహాలకి కరువు లేదు. మా మనవరాలి ఫోనులో దాని మొహాలే వేలకొద్దీ ఉంటాయి. కన్ను మూసుకుపోయిందని ఒకటి, పళ్ళు ఎక్కువ కనపడ్డాయని ఒకటి, అక్కడికక్కడే తీసేస్తుంది. నేను లబోదిబోమంటాను. "అమ్మమ్మా, బాగాలేనివే కదా" అంటుంది. ఆ కన్ను మూసుకుపోయినదే నాకు కావాలని చెబితే దానికి అర్థం కాదు. నేను కూడా దాని వయసులో కుంపటి దగ్గర పడేశాను కదా.

మా వారి పేరు సుధాకర్. పెళ్ళయిన మొదటి రోజు నుంచీ నేను ఆయన్ని సుధా అనే పిలుస్తాను. మామ్మ నా కొత్తకాపురం చూడ్డానికి వచ్చినప్పుడు ఆ పిలుపు విని చెవులు మూసుకుంది పాపం. మొన్న ఆదివారం ఆయన పేపరు చదువుతూ కునికిపాట్లు పడుతుంటే, కళ్ళజోడు ముక్కు కొసకి జారి, కింది పెదవి కాస్త వేలాడి, మహా ముద్దుగా ఉన్నాడు. పెన్సిలు తీసి గబగబా గీసేశాను. లేచి చూసుకుని, "ఇదేం మొహం! ఫెయిర్ చేసేటప్పుడు కాస్త పెదవి సరిచెయ్యి" అన్నాడు. ఫెయిర్ చెయ్యనని చెప్పేశాను. అలిగి వంటింట్లోకి వెళ్ళి కాఫీ పెట్టుకుంటున్నాడు. అంతలో పక్క ఫ్లాటు అమ్మాయి కరివేపాకు కోసం వచ్చి, బల్ల మీది కాగితం చూసి, "ఇదెవరండీ, ఆంటీ?" అంది. సుధ అని చెప్పడానికే నోరు తెరిచాను. ఆ జారిన కళ్ళజోడు, ఆ పెదవి చూస్తుంటే ఆ పేరు నాలుక మీదికి రాలేదు. సిగ్గుతో చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను, ఈ వయసులో.

"ఆయన" అన్నాను.

వంటింట్లోంచి సుధ కేకేశాడు. "ఏ ఆయన?"